గుంత పక్కన నా కొలత

ఎదురింట్లో గోడ కడుతున్నారు. తడి సిమెంటు వాసనకు ఈ వయసులోనూ నా భుజాలు ముడుచుకున్నాయి. నిధి కోసం బిడ్డల్ని బలిస్తారన్న భయం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది.

నా చిన్నప్పుడు, ఆళ్లగడ్డలో సైన్సు అయ్యవారైన మా నాయన, ఎందుకో చెప్పకుండా పెరట్లో నడుములోతు గుంత తవ్వాడు.

"నిధికి తవ్వుతాండాడు మీ నాయన. తొలిచూలు బిడ్డనిస్తేనే అది దొరికేది" అంది పక్కింటి ఓబుళమ్మవ్వ. మా ఇంట్లో తొలిచూలు నేనే.

మర్నాడు నాయన తాడు పట్టుకొని పిలిచాడు. "ఈడికి రామ్మా. గుంత పక్కన నిలబడు, కొలత తీసుకోవల్ల."

మెడ భుజాల్లోకి లాక్కొని నిలబడ్డాను. నా కంటి ఎత్తున తాడుకు ముడి వేశాడు.

ఆ గుంతలోంచి లేచింది టెలిస్కోపు కదలకుండా నిలిపే సిమెంటు దిమ్మె. నా కంటికి అందాలని ఆ ముడి చూసుకొనే కట్టాడట. చంద్రుణ్ణి చూడబోతే నేను వంగాల్సి వచ్చింది. ఎంత భయపడ్డానో, అంత పొట్టిదైంది దిమ్మె.