పెట్టెలో లోయ

పోయిన మనిషిని మెచ్చుకోవడమే మర్యాద గానీ, క్యాథరిన్‌కి బతికున్నన్నాళ్లూ మొండితనం ఎక్కువే. చింతపల్లి మిషన్ బడిలో సాంఘికశాస్త్రం చెబుతూ, పక్షవాతంతో మంచం పట్టిన అత్త వరమ్మకు అన్నీ చేస్తూ, భూమి పొరల మీద పరిశోధనకు విశాఖపట్నం యూనివర్సిటీకి వెళ్తానని పట్టుబట్టింది.

"ఈ ఒక్కసారికి ఎల్లు. సీటు రాపోతే ఇంక ఆ మాటెత్తకు," అన్నాడు భర్త విల్సన్.

ఇంటర్వ్యూ మధ్యాహ్నానికి. తెల్లారగానే ఒళ్లో ఒక పెట్టె పెట్టుకుని నర్సీపట్నం జీపులో కూర్చుంది.

పెట్టెకు ముందువైపు గాజు, ఒక పక్క వదులుగా జరిగే పలక. లోపల చోడిపిండి, అంటే రాగిపిండి, ఒక పొర, వరిపిండి ఒక పొర అదిమి నింపింది. పలకను వెనక్కి లాగితే పిండి రెండు చోట్ల పగిలి నడుమ భాగం కుంగుతుంది. గోదావరి లోయ కూడా అలా నేల సాగి కుంగిన చోటే. కుంగిన చోట మట్టి నిండుతుంది. దానికి గుర్తుగా పసుపు కలిపిన పిండి పోసింది. ఎన్నో కోట్ల ఏళ్లకు అదే నేలకు పక్కనుంచి నొక్కుడు పడితే, నిండిన మట్టి పాత పగుళ్ల వెంబడే పైకి లేచిన చోట్లు చాలా ఉన్నాయని చదివింది. ఆమె పెట్టెలో మాత్రం ఎన్నిసార్లు నెట్టినా పాత పగుళ్లు బిగుసుకుపోయేవి. పక్కన కొత్తవి పడేవి. ఇంటర్వ్యూలో ఎందుకని అడుగుతారు. జవాబు లేదు. అదీ ఆమె గుబులు.

"టీచరమ్మా, కాసింత జరగండి. ఇంకో మడిసి పడతాడు," అన్నాడు డ్రైవరు గాసి.

"ఎక్కడ పడతాడు, నా నెత్తిమీదా?"

"పెట్టి నెత్తినెట్టుకుంటే ఒళ్లో పడతాడు కదేటి!"

జీపంతా నవ్వింది. పక్కనున్న సోములమ్మ తన మిరియాల మూటను ఇటు తోసి, "ఏటమ్మా ఆ పెట్టిలో? కేకా?" అంది.

"భూమి."

"భూవేటి, పిండి కదా! సదువుకున్నోల్లు ఇలాగే ఉంతారు."

లంబసింగి దాటాక ఘాట్ మలుపులో ఒక లారీ అడ్డంగా ఆగిపోయింది. వెనక బస్సు, దాని వెనక మరిన్ని లారీలు. ఒక పక్క చక్రాలు కాలవలోకి దిగి జీపు ఒరిగింది. కొండకు ఆనుకున్న తలుపు తెరుచుకోదు. అందరి బరువూ క్యాథరిన్ మీదే. కుడిచేయి ఎవరి వీపు కిందో ఇరుక్కుంది. ఫోనుకు సిగ్నల్ లేదు. పొగమంచు విడిపోయింది, ఎండ నడినెత్తికొచ్చింది. ఊపిరి సగమే ఆడుతోంది. ఈపాటికి తన పేరు పిలిచి ఉంటారు.

"ఇంకెంతసేపు గాసీ?"

"లారీవోడిని అడగండమ్మా. నానేటి సెప్పగల్ను!"

ఆమె తల దించింది. గాజు వెనక పసుపు పొర ఉబ్బి ఉంది. సోములమ్మ మూట పొద్దుటినుంచి పలక ఒక మూలను, ఏటవాలుగా నొక్కుతోంది. కుంగిన ముక్క ఏ పగులు వెంట దిగిందో ఆ పగులు వెంటే, గీత తప్పకుండా, పైకి జరిగింది. కొత్త పగులు ఒక్కటీ లేదు. ఇంట్లో ఆమె ఎప్పుడూ తిన్నగా నెట్టేది. తిన్నగా నెడితే నిటారు పగులు బిగుసుకుంటుంది. ఏటవాలుగా నెడితే పక్కకు జారుతూ పైకి లేస్తుంది.

"సోములమ్మా, కదలకు! మూట తియ్యకు!"

"కదల్డానికి సోటేదమ్మా, నా తల్లీ!"

నర్సీపట్నం చేరేసరికి సాయంత్రమైంది. యూనివర్సిటీకి ఫోను చేస్తే ఇంటర్వ్యూలు అయిపోయాయి, మళ్లీ వచ్చే ఏడాదే అన్నారు. ఫోను పెట్టీ పెట్టగానే విల్సన్ చేశాడు.

"అయిపోనాదా?"

"అందలేదు. దారిలో లారీ అడ్డం పడింది."

"సరేలే, దేవుడి సిత్తం. ఇంక ఆ మాట..."

"వచ్చే ఏడు మళ్లీ ఎల్తాను. జవాబు దొరికింది నాకు."

అటువైపు నుంచి వరమ్మ మూలుగు వినిపించింది.

"బేగి రా," అన్నాడు విల్సన్. "రేత్రికి కూరేటి?"