కాళ్ళు చాపుకునే దిక్కు లేని ఏడాది

ఆ రోజుల్లో మా చిత్తూరులో క్యాలెండరు వేలాడని గోడ ఉండేది కాదు. అయినా ఆ క్యాలెండరు మీది బొమ్మను ఎక్కడో ఎవరో ఒక మనిషి కూర్చుని గీసి ఉంటాడన్న ఆలోచన ఎవరికీ వచ్చేది కాదు. లక్ష్మీదేవి తామరపువ్వుతో సహా తనంతట తానే అచ్చయి వస్తుందని మా ఇంటిల్లిపాదీ నమ్మకం. అటువంటి ఇంట్లో పుట్టి, స్కూలు ఫైనలు గట్టెక్కి, మద్రాసుకు పోయి డ్రాయింగు టీచరు ట్రైనింగు చదువుతానని అడిగాను నేను. మా నాయనది బెల్లం మండీ. ఆయనకు ‘వద్దు’ అనే మాట నోట రాదు (వద్దంటే రైతు బండి తిప్పుకుని పక్క మండీకి పోతాడని ఆయన భయం). దాని బదులు ఒక షరతు పెడతాడు. నాకూ పెట్టాడు. “ఈ ఉగాది మొదులు వచ్చే ఉగాది దాకా రోజుకొక బొమ్మ ఎయ్యి. ఒక్క రోజు తప్పకూడదు. పండగ నాడు అన్నీ ఒకటిగా సూస్తా. ఉంటే మద్రాసు. లేకుంటే మీ మేనత్త కాడికి పోయి కుట్టుమిషను నేర్సుకో.” నాకు కుట్టుమిషను అంటే ప్రాణం పోయేంత విసుగు. అందుకని వెంటనే ఒప్పేసుకున్నాను.

పండగ పూట కాబట్టి మొదటి రోజు వేంకటేశ్వరస్వామిని వేశాను. నాయన చూసి చెప్పులు విడిచి దండం పెట్టుకున్నాడు. నేను పొంగిపోయి మరుసటి రోజు ఇంకా శ్రద్ధగా, నీడలు గీడలు పెట్టి, బావి దగ్గరి బకెట్టును వేశాను. నాయన కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. “ఇదేందమ్మా?” అన్నాడు. బొమ్మ అన్నాను. “బకెట్టు గదా ఇది. మనిండ్లోదే. ఇంట్లో ఉండేదాన్ని మళ్ళీ ఎయ్యడమెందుకు? బొమ్మంటే దేవుడుండాల” అన్నాడు. స్వామి కూడా మనింట్లో పూజగూట్లో ఉన్నాడు కదా అని అడగబోయి, మద్రాసు గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. ఆ పూటకు ఆదరాబాదరా ఒక వినాయకుణ్ణి వేసి గండం గడుపుకున్నాను. ఆ రోజు నుంచి నా తికమక మొదలైంది.

నాయనకు దేవుడైతేనే బొమ్మ. మా అవ్వకు దేవుడైతే అది బొమ్మే కాదు. ఆమె నాయనకు కన్నతల్లి, మా ఇంట్లో ఆఖరి మాట ఆమెది. మూడో నాడు నేను వేసిన కృష్ణుణ్ణి చూసి, “కండ్లు దిద్దినావా పాపా?” అని అడిగింది. దిద్దినానన్నాను. “ఇంకేముండాది, స్వామి వచ్చేసినాడు. ఇంటికొచ్చినోళ్ళను ఉత్తనోట కూర్సోబెడతారా?” అని ఒక బెల్లంముక్క తెచ్చి ముందు పెట్టింది. మండీ వాళ్ళిల్లు గనుక బెల్లానికి కొదవ లేదు. కానీ రోజుకొక దేవుడు కొత్తగా వస్తున్నాడు, పాతవాళ్ళు ఎక్కడికీ పోవడం లేదు. నెల తిరిగేసరికి నైవేద్యాలు పెట్టలేక అమ్మ నడుం పట్టేసింది. చీమలు మాత్రం మా ఇంటిని విడిచిపెట్టలేదు.

కాగితాలన్నీ దొంతర పెట్టి పెట్టెలో దాచబోయాను. “ఒకరి మింద ఒకర్ని పండబెడతావా?” అని అవ్వ నా చెయ్యి పట్టుకుంది. విధి లేక అన్నం మెతుకులతో గోడలకు అంటించడం మొదలుపెట్టాను. ముందు తూర్పు గోడ నిండింది. దేవుళ్ళ వైపు కాళ్ళు పెట్టకూడదు కాబట్టి, మధ్యాహ్నం భోంచేసి చాప మీద కునుకు తీసే నాయన ఇటు నుంచి అటు తిరిగి పడుకున్నాడు. దసరాకు పడమటి గోడ కూడా నిండింది. ఆయన వంటింటి వైపు కాళ్ళు పెట్టాడు. ఆ గోడా నిండాక వీధి వాకిలి వైపు పెట్టాడు. సంక్రాంతి దాటేసరికి వాకిలి మీద కూడా నేను ఆంజనేయస్వామిని అంటించేశాను. ఇక ఏ దిక్కున కాళ్ళు చాపినా ఎవరో ఒక స్వామికి తగులుతున్నాయి. నాయన మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకోవడం నేర్చుకున్నాడు. “షరతు పెట్టింది నేనే గదా, ఎవుర్నని అనేది” అని చాప దులుపుకుంటూ గొణిగేవాడు.

ఈ మధ్యలో నాకొక అద్భుతమైన ఉపాయం తట్టింది (అద్భుతమని అప్పుడు అనుకున్నాను). కళ్ళు దిద్దితేనే కదా స్వామి వచ్చేది? మన కొండ మీది స్వామికి నామమే కళ్ళను కప్పేస్తుంది. నామం పెద్దదిగా పెట్టేసి కళ్ళు వేయకుండా వదిలేస్తే అది నాయనకు దేవుడి బొమ్మ, అవ్వకు ఉత్త కాగితం. అలా ఒకటి వేసి అవ్వ ముందు పెట్టాను. ఆమె నిజంగానే అయోమయంలో పడింది. రెండు రోజులు ఆ కాగితాన్ని చేతపట్టుకునే ఇల్లంతా తిరిగింది. మూడో నాడు బియ్యం ఏరుతూ తీర్పు చెప్పింది. “నామం కింద కండ్లు తెరుసుకోనే ఉండాడు పాపా. మనకు తెలీకుండా సూస్తాండాడు. ఈయనకు ఇంకో ముక్క ఎక్కువ పెట్టాల.” నాకు ఏడుపొచ్చింది.

ఇంతకీ నేను వేస్తున్నది బొమ్మలా, వచ్చేది చుట్టాలా అన్నది నాకే తెలియకుండా పోయింది. అందుకని పొద్దున లెక్కకు ఒక దేవుణ్ణి వేసి, మధ్యాహ్నం నా సంతోషానికి కంటికి కనబడిందల్లా వేసుకునేదాన్ని. తిరగలి, కోడిపుంజు, అమ్మ చెప్పులు, నిద్రపోయే నాయన. ఇవి నాయన దృష్టిలో బొమ్మలు కావు, అవ్వ దృష్టిలో దేవుళ్ళు కారు, కాబట్టి ఎవరికీ అక్కర్లేదు. మండీ నుంచి వచ్చిన ఖాళీ గోనెసంచిలో కుక్కి మంచం కిందికి తోసేదాన్ని.

ఉగాది ఇంకో వారం ఉందనగా అవ్వ తిరుమలకు బయలుదేరింది. “గోడల మింద స్వాములందర్నీ ఒలిసి మూట కట్టీ పాపా, కొండకు తీసకపోతా” అంది. పాదాల దగ్గర పెట్టించి తెస్తుందేమోనని నేను మురిసిపోయి, ఒక్కటీ చిరగకుండా ఒలిచి, పాత పట్టుచీరలో మూట కట్టి నా చేతులతో నేనే ఇచ్చాను. అలిపిరి నుంచి మెట్లన్నీ ఆ మూటను నెత్తిన పెట్టుకునే ఎక్కిందట. రెండు రోజుల తరువాత గుండుతో, లడ్డుతో వచ్చింది. మూట లేదు.

“బొమ్మలు యాడవ్వా?” అన్నాను.

“తీర్థంలో కలిపేస్తి. మట్టి వినాయకుణ్ణి మాత్రం ఏడాదంతా ఇంట్లో పెట్టుకుంటామా? వచ్చినోళ్ళను మర్యాదగా సాగనంపల్ల” అంది, తృప్తిగా.

మద్రాసు మొత్తం నీళ్ళలో కలిసిపోయింది. ఆ మధ్యాహ్నం నాయన మాత్రం ఖాళీ గోడల నడుమ కాళ్ళు బారజాపి గురక పెట్టి నిద్రపోయాడు.

పండగ నాడు పచ్చడి తిని చెయ్యి కడుక్కుని, “తీసకరామ్మా సూస్తా” అన్నాడు. జరిగింది చెప్పాను. “గోడల నిండా మీరే సూస్తిరి గదా నాయనా” అని బతిమాలాను. “సూసినా. రోజుకొకటి ఏసినావో, ఒకే రోజు పది ఏసినావో నాకేం తెలుసు? నేను మండీలో ఉంటి. సరుకు సూడకుండా బేరం తెంపేదెట్ల?” అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అందుకే నాకు ఇంకా భయమేసింది. వేరే దారి లేక గోనెసంచి లాక్కొచ్చి ఆయన ముందు కుమ్మరించాను. ఏడుస్తూనే.

నాయన బకెట్టును పక్కన పెట్టాడు. కోడిపుంజును పక్కన పెట్టాడు. తరువాత తన బొమ్మ దగ్గర ఆగిపోయాడు. తాను నిద్రపోయే బొమ్మలన్నీ ఏరి వరుసగా పరిచాడు. ఒకదాంట్లో కాళ్ళు పడమటికి, ఒకదాంట్లో వంటింటి వైపు, ఒకదాంట్లో వాకిటికి, చివరికి మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు.

“ఏడాదంతా ఇట్ల పండుకుంటినా నేను?” అన్నాడు.

“అవును నాయనా.”

“గోడ ఒకేసారి నిండలేదు. రోజుకొకటి ఏసినమాట నిజమే. కొంచెం కొంచెంగా జరుగుతా వస్తి.” మోకాలు రుద్దుకుంటూ అవ్వ వైపు చూసి, “బొమ్మలో కండ్లు మూసుకోనుండాను కాబట్టి సరిపోయె. లేకుంటే మీ అవ్వ నా ముందర కూడా బెల్లంముక్క పెట్టేసేది” అన్నాడు. ఆ తరువాత నాతో, “పోమ్మా మద్రాసుకు. సరుకు సూసినా” అన్నాడు. ఇంట్లో ఉన్నదాన్ని మళ్ళీ ఎందుకు వేయాలని అడిగిన మనిషి, ఆ మోకాళ్ళ బొమ్మను మడిచి జేబులో పెట్టుకుని మండీకి పోయాడు.

చాలా ఏళ్ళు బడిపిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరయ్యాను. ఏది బొమ్మ అని వాళ్ళు అడిగితే ఇప్పటికీ నాకు సరిగ్గా చెప్పడం రాదు. నాయన పోయాక ఆ కాగితం మండీలో దొరికింది. ఇప్పుడు తిరుపతిలో మా ఇంటి గోడ మీద, అద్దం కట్టించి పెట్టాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు. అయినా ప్రతి ఉగాదికీ దాని ముందు ఒక బెల్లంముక్క పెడతాను. మొన్నొక మధ్యాహ్నం నేను మంచం తిప్పుతుంటే మనవరాలు, “అటు తిప్పితే ఫ్యాను గాలి రాదు గదా అమ్మమ్మా” అంది. కాళ్ళు మా నాయన వైపు ఉన్నాయని చెప్పడానికి సిగ్గేసి, కళ్ళలో వెలుతురు పడుతోందన్నాను. ఆ పూట గాలి తగలక, మోకాళ్ళు ముడుచుకుని, నాలో నేనే నవ్వుకుంటూ పడుకున్నాను.