కొసరు తీసుకోని బేరగాడు

దెయ్యాలంటే నాకు భయం లేదు. నమ్మకం అంతకన్నా లేదు. అమ్మ దిష్టి తీస్తుంటే పక్కన నిలబడి నవ్వే మనిషిని. ఎవరైనా తమకేదో జరిగిందని మొదలుపెడితే మధ్యలోనే ఆపి, అప్పుడు కరెంటు ఉందా, నీకు జ్వరమేమైనా తగిలిందా అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేదాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వచ్చింది కాబట్టి మీరూ అడగండి. కరెంటు ఉంది. జ్వరం లేదు. ఆదివారం ఉదయం, కిటికీలోంచి ఎండ కీబోర్డు మీద పడుతోంది.

మాది శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగం మీద రాయ్‌పూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. నాన్న గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. నేను ఒక సిమెంటు డీలరు ఆఫీసులో బిల్లులు చూస్తాను. తమ్ముడు ప్రసాదు రైల్వే పరీక్షలకి చదువుతున్నాడు. చదవనప్పుడు కంప్యూటర్లో ఒక ఆట ఆడతాడు. ఆ చదవనప్పుడు అన్నది రోజులో చాలా భాగమే ఉండేది. వాడి వల్ల ఆ జబ్బు నాకూ అంటుకుంది.

ఆ ఆటలో గెలుపూ ఓటమీ ఉండవు. ఒక పెద్ద ఖాళీ నేల ఇస్తారు. తవ్వుకోవచ్చు, పండించుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు. ఆన్‌లైన్లో పదిమందీ ఒకే నేల మీద ఉంటారు కాబట్టి ఒకరి దగ్గర లేనిది ఇంకొకరి దగ్గర కొనుక్కోవాలి. మా ఆటకి సర్వరు నడిపేది బీర్‌గావ్‌లో మొబైల్ రిపేరు షాపు ఉన్న మనోజ్ అనే కుర్రాడు, ప్రసాదు స్నేహితుడు. ఆడేవాళ్ళంతా ఈ చుట్టుపక్కల వాళ్ళే. అందుకని ఇక్కడి ఊళ్ళలో జరిగే సంతలాగే ఆటలో కూడా ఆదివారం ఉదయం సంత పెట్టుకున్నాం. డబ్బు లేదు, వస్తువుకి వస్తువే. నాది రొట్టెల దుకాణం.

ఆ సంతలో కొసరు అలవాటు చేసింది నేనే. బేరం తెగాక చిన్న బెల్లం ముక్క పైన వేసి ఇచ్చేదాన్ని. ఛత్తీస్‌గఢ్ వాళ్ళకి ఇది కొత్తేమీ కాదు, పురౌనీ అంటారు. కొన్నాళ్ళకి అది మా సంతలో చట్టమైపోయింది. కొసరు ఇవ్వకపోతే పిసినారి అంటారు, తీసుకోకుండా వెళితే పొగరు అంటారు. కొసరు దగ్గర అలిగి మాటలు మానేసిన వాళ్ళున్నారంటే మీరు నవ్వుతారు.

ప్రసాదు వ్యాపారం నీలి గాజు దీపాలు. ఏ ఇసకలో ఏ రంగు కలిపితే ఆ నీలం వస్తుందో వాడికొక్కడికే తెలుసు. ఒక్క దీపం కావాలంటే ఇనుమో, రాయో బండ్లకొద్దీ పోయాల్సిందే. అలా కూడబెట్టిందంతా పెట్టి వాడు ఆటలో రైలు మార్గం కడుతున్నాడు. చిన్నప్పుడు నాన్నతో తిరిగిన దారే. రాయ్‌పూర్ నుంచి మాంఢర్, సిలియారి, బైకుంఠ్, చివర తిల్దా స్టేషను. అక్కడితో ఆగింది. అవతల ఉత్త గడ్డి మైదానం.

కిందటేడు మే నెలలో రైల్వే పరీక్ష ఫలితం వచ్చింది. వాడి పేరు మళ్ళీ లేదు. నాన్న కోపం ఆట మీదికి మళ్ళింది. ఆ సాయంత్రం ఇంట్లో అనరాని మాటలేవో అనుకున్నారు. మర్నాడు పొద్దున్న మేం లేచేసరికి ప్రసాదు లేడు. బట్టలు తీసుకెళ్ళలేదు. ఫోను స్విచ్చాఫ్.

మధ్యాహ్నానికి వస్తాడనుకున్నాం. తర్వాత రాత్రికి అనుకున్నాం. మర్నాడు భిలాయ్‌లో, విజయనగరంలో బంధువులందరికీ ఫోన్లు చేశాం. పోలీసులకి చెప్పాం. పరీక్ష పోయి, ఇంట్లో గొడవపడి వెళ్ళిన పిల్లాడంటే మనసు ఎక్కడెక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు. అమ్మ పొయ్యి వెలిగించడం మానేసింది. నాన్న రోజూ స్టేషనుకి వెళ్ళి తెలిసిన వాళ్ళని ఏదో అడిగి వచ్చేవారు. ఏం అడుగుతున్నారో నాకు తెలుసు. పట్టాల మీద ఎవరైనా, అని. ఇంట్లో ఆ మాట ఎవరం పైకి అనలేదు.

ఆదివారం వచ్చింది. ప్రసాదు ఎక్కడైనా కంప్యూటరు ముందు కూర్చున్నాడేమో, ఆటలోకి వచ్చాడేమో చూద్దామని తెరిచాను. రాలేదు. కానీ సంతలో నా దుకాణం ఎదురుగా గుంపు ఉంది. మధ్యలో ఎవరో నీలి దీపాలు అమ్ముతున్నాడు.

అవి ప్రసాదువే. వాడు వాటిని తాళం పెట్టెలో దాచుకుంటాడు, ఆ పెట్టె వాడికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. వేరే పేరుతో వచ్చాడు, బతికే ఉన్నాడు అనుకున్నాను. కానీ ఆ మనిషి తల మీద పేరే లేదు. ఆటలో ప్రతి ఒక్కరి తల మీదా పేరు కనిపిస్తుంది, కనిపించకుండా చేసే వీలు లేదు. మిగతావాళ్ళు అదేదో కొత్త తమాషా అనుకుంటున్నారు.

అంతకన్నా వింత వాడి బేరం. ఒకడు బంగారం ఇస్తానన్నాడు, ఇంకొకడు పొలమే రాసిస్తానన్నాడు. ఉలుకూ పలుకూ లేదు. ఎవరో వేళాకోళంగా ఒక రొట్టె విసిరితే వెంటనే దీపం చేతికిచ్చాడు. ఇంకొకడు నీళ్ళ కుండ ఇస్తే ఇంకో దీపం. మా సంతలో అన్నిటికన్నా చవక రొట్టే. నీళ్ళయితే ఎవరూ కొనరు, పక్కనే చెరువుంది.

నేను ప్రసాదూ అని పిలిచాను. అమ్మ అన్నం తినడం లేదురా అని చాట్‌లో రాశాను. జవాబు లేదు. నా దగ్గరున్న రొట్టెలన్నీ వాడి ముందు పెట్టాను. తీసుకున్నాడు, మిగిలిన దీపాలన్నీ నా దగ్గర పెట్టాడు, వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు.

కొసరు తీసుకోలేదు. ప్రసాదైతే బేరం కన్నా ముందే కొసరు లాక్కునేవాడు. వీడు వాడు కాదని నాకు అక్కడే తెలిసిపోయింది. అయినా అలవాటు ఎక్కడికి పోతుంది, బెల్లం ముక్క పట్టుకుని వాడి వెంట పడ్డాను.

వాడు రైలు పట్టాల వెంట నడిచాడు. మాంఢర్ దాటాడు. సిలియారి దాటాడు. పరిగెత్తినా అందలేదు, అలాగని కనుమరుగూ కాలేదు. తిల్దా స్టేషను వచ్చింది. దారి అక్కడితో అయిపోవాలి. అయిపోలేదు. అవతల మట్టి రోడ్డు ఉంది, రోడ్డు చివర ఒక రైస్ మిల్లు ఉంది. పైన ఆకుపచ్చ రంగు నీళ్ళ ట్యాంకు. ఒక పక్క వంగిపోయిన షట్టరు. ప్రసాదు ఇది ఎప్పుడు కట్టాడా అనుకుంటూనే లోపలికి వెళ్ళాను.

లోపల వడ్లు నానబెట్టే సిమెంటు తొట్టె, మనిషి ఎత్తుకి మించిన లోతు. వాడు దాని అంచున నిలబడి రొట్టెలు ఒక్కొక్కటే అందులోకి వదులుతున్నాడు. తర్వాత నీళ్ళ కుండలు. నేనూ వెళ్ళి బెల్లం ముక్క వదిలాను. తొట్టెలోకి తొంగిచూశాను, ఏమీ కనిపించలేదు. తల తిప్పేసరికి వాడు లేడు.

ఇక ఆలోచించలేదు. నాన్న దగ్గరికి పరిగెత్తాను. ఆయన అంతా విన్నారు. ఆ ఆట పేరు ఎత్తితేనే మండిపడే మనిషి ఆయన.

"ఆట్లో ఏటో కనపడిందని తిల్దా ఎల్తామేటే?"

"ఒకపాలి ఎల్లొద్దాం నాన్నా. నేకపోతే నేదు. ఇక్కడ కూకొని మాత్రం ఏటి సేస్తన్నాం?"

నాన్న చలో అంటూ చెప్పులు వేసుకున్నారు.

తిల్దాలో దిగాక స్టేషను బయట ఆటో అతన్ని అడిగాను. ఆ ఊళ్ళో మిల్లులకేం కరువు లేదు, అందుకే ట్యాంకు రంగు చెప్పాను, షట్టరు సంగతి చెప్పాను. హరీ టంకీ వాలా మిల్లా, ఆ పచ్చ ట్యాంకుదా, అది బందై చాలా కాలమైంది కదా, అక్కడ మీకేం పని అన్నాడు. నేను అంతకుముందు ఎన్నడూ స్టేషను దాటి ఆ ఊళ్ళోకి వెళ్ళలేదు.

మట్టి రోడ్డు. ఆకుపచ్చ ట్యాంకు. వంగిన షట్టరు. నాన్న ముందు దూరారు. లోపల్నుంచి ఆయన గొంతు వినబడింది, వాడి పేరు పెట్టి పిలుస్తున్న గొంతు. నేను ఆ గొంతు అలా పగిలిపోవడం ఎప్పుడూ వినలేదు.

ప్రసాదు తొట్టెలో గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాలు విరిగింది. పక్కన తుప్పుపట్టిన నిచ్చెన, ముక్కలైన ఫోను. ఆటో అతను మనుషుల్ని కేకేసుకొచ్చాడు, తాళ్ళు వేసి పైకి లాగారు. నాన్న వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయారు. నేను అక్కడే దుమ్ములో కూలబడి భోరుమన్నాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

వాడు చనిపోవడానికి వెళ్ళలేదు. ఆ ముక్క వాడి నోట విన్నాక ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగింది. ఆ పొద్దున్న కోపం మీద రైలెక్కాడు, కోపం తగ్గాక ఎలాగూ వచ్చాను కదా, ఆటలో స్టేషను తర్వాత కట్టాల్సిన మిల్లు ఎలా ఉంటుందో చూసి పోదామనుకున్నాడు. తొట్టె లోతు తెలుసుకోవాలని నిచ్చెన దిగాడు, అది ఊడి వచ్చింది. ఆటలో తొట్టె లోతు కోసం నిజం తొట్టెలోకి దిగేవాడు ప్రపంచంలో మా వాడొక్కడే అయ్యుంటాడు.

రాయ్‌పూర్ ఆసుపత్రిలో డాక్టరు రిపోర్టులు రెండుసార్లు చూశారు. మే ఎండలో, అన్ని రోజులు చుక్క నీళ్ళు లేకుండా ఉన్న మనిషి రక్తం ఇలా ఉండదన్నారు. లోపల నీళ్ళేమైనా దొరికాయా అని అడిగారు. లేవన్నాడు. ఆయన వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆకలి నేదక్కా. మొదట్రోజు ఏసింది. తరవాత అసలు ఎయ్యనేదు."

ఆటలో నేను చూసింది వాడికి అప్పుడు చెప్పలేదు. కట్టు విప్పాక చెప్పాను. వాడు నవ్వి, నేను మిల్లు కట్టనేలేదు కదా అన్నాడు. ఇద్దరం కూర్చుని ఆట తెరిచాం. తిల్దా స్టేషను తర్వాత గడ్డి మైదానమే ఉంది. దీపాలన్నీ వాడి తాళం పెట్టెలో ఉన్నాయి. నా దుకాణంలో మాత్రం ఒక్క రొట్టె లేదు. మనోజ్ సర్వరు రికార్డంతా తిరగేశాడు. ఆ ఆదివారం సంతకి వచ్చిన వాళ్ళందరి పేర్లూ ఉన్నాయి, పేరు లేని వాడెవడూ లేడు. ఆ దీపాలు కొన్నవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతారు, ఉన్నట్టుండి ఎలా మాయమయ్యాయని.

ఎవరైనా ప్రసాదు ఖాతాలోకి చొరబడ్డాడని అనుకుని చూశాను. అయితే ఆ మిల్లు వాడికెలా తెలుసు? నేనే కల కన్నానేమో అనీ అనుకున్నాను. మరి ఆకుపచ్చ ట్యాంకు? ఎటు తిప్పినా ఏదో ఒకటి అడ్డం పడుతుంది. దెయ్యమంటే ఇప్పటికీ ఒప్పుకోను. దేవుడంటారు అమ్మలాంటి వాళ్ళు. ప్రసాదు ఇంట్లో ఉన్నాడు. ఇప్పుడు కుంటుకుంటూ కూర బాగోలేదని అమ్మతో తగువు పెట్టుకుంటున్నాడు. ఆ తగువు వింటుంటే నాకు నిద్ర పట్టేస్తుంది.

మారింది నాన్న. ఆట నేర్చుకున్నారు. మొదట సిలియారిలో సిగ్నలు పట్టాలకి ఉండాల్సిన పక్కన లేదని ప్రసాదుని తిట్టి, దగ్గరుండి మార్పించారు. తర్వాత ఒక్క వేలితో కొడుతూ తనే తిరగడం మొదలుపెట్టారు. ప్రతి ఆదివారం నా దుకాణంలో ఒక రొట్టె, చెరువులో ఒక కుండ నీళ్ళు తీసుకుని, తిల్దా ప్లాట్‌ఫారం చివర పెట్టి వస్తారు. మర్నాడు మళ్ళీ వెళ్ళి చూస్తారు. నేను ఒకసారి వెనకే నిలబడి అడిగాను, ఎవరైనా తీసుకున్నారా అని.

"అలాగే ఉన్నాది," అన్నారు తృప్తిగా. "ఎవులికీ అవసరం పడనేదు."

లేచి, అమ్మని టీ పెట్టమన్నారు.