సిద్దమ్మ పిలిచే వరుస

సైన్యంలో పదేళ్లు డాక్టరుగా చేసినవాడికి మళ్లీ చదువేమిటని పుంగనూరులో చుట్టాలంతా నవ్వారు. మేజర్ నిజాముద్దీన్ పూణేలో చదువుతున్నది వైద్యం కాదు, ఆసుపత్రిని ఎలా నడపాలో నేర్పే పై చదువు. అందులో భాగంగానే 1979లో మదనపల్లెలోని ఒక చిన్న ఆసుపత్రికి వచ్చాడు. క్షయ మందుకు వచ్చేవాళ్లు ఎంతసేపు కాచుకుంటున్నారో గడియారం పట్టుకుని రాసుకోవడం అతని పని.

అక్కడ రోగులను లోపలికి పిలిచేది ఆయా సిద్దమ్మ. అక్షరం ముక్క రాదు. పొద్దున వచ్చినవాళ్లకు వచ్చినట్టు చీటీలిచ్చేవారు. ఈమె మాత్రం ఏడో చీటీవాణ్ణి కూర్చోబెట్టి నలభయ్యోవాణ్ణి పిలిచేది. ఎవరైనా గొణిగితే, "కూసో అప్పా, నీకేం తొందర? ఊర్లోనే కదా ఉండేది!" అని కసిరేది. మేజరు మూడు రోజులు చూసి, ఈమె చేయి ఎవరో తడుపుతున్నారని తేల్చేశాడు. ఆ మాటే రాసి సూపరింటెండెంటుకు ఇచ్చాడు. ఆ సాయంత్రమే సిద్దమ్మను ఇక రావద్దన్నారు. ఎంకి పెళ్లి సుబ్బి చావుకొచ్చిందంటే ఇదే! ఆయనగారి పరీక్షకు ఈవిడ కూడు పోయింది.

మర్నాడు పిలుపు చీటీల వరుసలోనే సాగింది. మేజరు మురిసిపోయాడు. మధ్యాహ్నం టీ తాగుదామని బస్టాండుకు పోతే, పొద్దున ఆసుపత్రిలో చూసిన మొహాలే బెంచీల మీద కనబడ్డాయి. పధ్నాలుగు మంది.

"ఈడ కూసున్నారేమప్పా?"

"రామసముద్రం బస్సు పదకొండున్నరకే పాయె. ఇంక సాయంత్రమే సారూ," అన్నాడు ఒక ముసలాయన దగ్గుతూ. "సిద్దమ్మ ఉండుంటే బస్సు యాళకు పంపిచ్చేసేది. ఇంత తిప్పలైతే వచ్చే నెల నేను రాను."

మేజరు గ్లాసు పక్కన పెట్టి మిగతావాళ్లనూ అడిగాడు. ఆమె బస్సులు చూసి పిలిచేదా! ముందు రామసముద్రం, తర్వాత గుర్రంకొండ, ఒంటిగంటకు కుప్పం. ఏ మొహం ఏ ఊరిదో, ఏ బస్సు ఎప్పుడు కదులుతుందో, అన్నీ ఆ తలలోనే! చదవేస్తే ఉన్న మతి పోయిందని తనను తానే తిట్టుకుంటూ ఆసుపత్రికి పరుగెత్తి, పాత రిజిస్టర్లన్నీ తిరగేశాడు. సిద్దమ్మ రాకముందు మందు మధ్యలో మానేసినవాళ్లు నూటికి నలభై మంది. ఆమె వచ్చిన ఆరేళ్లలో పన్నెండు. ఔరా! కొత్త మందు రాలేదు, కొత్త డాక్టరూ రాలేదు. ఒక్క ఆడమనిషి ఊళ్లను బట్టి పిలిచింది, అంతే.

రిజిస్టర్లు తీసుకుపోయి సూపరింటెండెంటు బల్ల మీద పరిచాడు.

"తప్పు నాది సార్. ఆమెను వెనక్కి పిలవకపోతే నా థీసిస్ ఇక్కడే చించేస్తాను."

మరుసటి పొద్దున సిద్దమ్మ వరండా ఎక్కగానే నిజాముద్దీన్ లేచి నిలబడ్డాడు.

"మన్నించమ్మా. ఈ పద్ధతి నీకెవరు నేర్పినారు?"

"ఎవురు నేర్పుతారప్పా?" అంది ఆమె కొంగు బిగించుకుంటూ. "మాది రామసముద్రం పక్క పల్లె. మా ఇంటాయన గంగులప్ప ఈడికే మందుకు వచ్చేటోడు. మూడు నెల్లు వరసగా బస్సు తప్పిపాయె. నాలుగో నెల నేను కాళ్లు పట్టుకున్న్యా కదల్లేదు. ఉగాదికి ముందే పాయె."

ఆమె మేజరు వెనకున్న జనాన్ని తొంగిచూసింది.

"జరుగప్పా," అని గొంతెత్తింది. "రామసముద్రమోళ్లు రాండి!"