బాజీ నా బదులు వెళ్లిన ఆదివారం

సంఘ పెద్దలకు, సహోదరీ సహోదరులకు ప్రభువు పేరిట వందనాలు. నా పేరు యోహాను. తెనాలి రైల్వే స్టేషను బయట వ్యాన్ల స్టాండులో చాలా ఏళ్లుగా డ్రైవరుగా పనిచేస్తున్నాను. సునామీ వచ్చి ఈ డిసెంబరుకి నాలుగేళ్లు నిండుతున్నాయి, ఆ రోజు గురించి నేను చెప్పవలసింది ఒకటుంది కాబట్టి పాస్టరు అయ్యగారిని అడిగి ఈ వేళ ఇక్కడ నిలబడ్డాను.

అప్పట్లో నేను తాగుబోతుని. ఇంతకంటే మర్యాదైన మాట వెతికితే అది నిజం కాకుండా పోతుంది. ట్రిప్పు ఉంటే సాయంత్రం తాగేవాణ్ణి, ట్రిప్పు లేని రోజు మధ్యాహ్నమే మొదలుపెట్టేవాణ్ణి, నా భార్య సువార్త ఆదివారం గుడికి ఒక్కతే వచ్చేది, ఎవరైనా నా గురించి అడిగితే "ఆయన డ్యూటీలో ఉన్నారండీ" అనేది, అలా అన్న చాలా ఆదివారాలు నేను ఇంట్లో మంచం మీదే ఉండేవాణ్ణి.

మా స్టాండులో బాజీ అని ఇంకొక డ్రైవరు ఉండేవాడు. ముస్లిముల కుర్రాడు, నాకంటే ఆరేళ్లు చిన్న. మా వీధి చివరే అతని ఇల్లు. భార్య షకీలా, ఒక్క కూతురు రేష్మా. సొంత బండి లేదు, ఎవరి బండి ఖాళీగా ఉంటే అది తోలేవాడు. నాకు ఏనాడూ నీతులు చెప్పలేదు. నేను తూలుతూ స్టాండుకి వచ్చిన రోజున నా చేతిలో తాళాలు తీసుకుని, "అన్నా, నువ్వు కాసేపు పడుకో, ఈ ట్రిప్పు నేను వేసొస్తా" అనేవాడు. తిరిగొచ్చి తాళాలు నా జేబులో వేసి వెళ్లిపోయేవాడు. అలా ఎన్నిసార్లు జరిగిందో నాకు గుర్తు లేదు. అతనూ గుర్తు చెయ్యలేదు.

2004లో క్రిస్మసు శనివారం వచ్చింది. మర్నాడు ఆదివారం పౌర్ణమి. సంగం జాగర్లమూడిలో ఉండే ఒక బడి మాస్టారు సముద్ర స్నానానికి సూర్యలంక వెళ్లాలని, తల్లినీ భార్యాబిడ్డల్నీ తీసుకెళ్లడానికి నా వ్యాన్ మాట్లాడుకున్నారు. తెల్లవారుజామునే బయలుదేరాలి. నేను పండగ రోజు మధ్యాహ్నం నుంచి తాగుతూనే ఉన్నాను. తెల్లారగట్ల సువార్త మొహాన నీళ్లు చల్లి లేపింది, లేవలేదు. ఆమె వెళ్లి బాజీని పిలుచుకొచ్చింది. అతను మా గుమ్మంలో నిలబడి అన్న మాటలు సువార్త తర్వాత నాకు చెప్పింది.

"వదినా, అన్నకి జ్వరమని మాస్టారుగారితో చెబుతాను. ఎవరన్నా అడిగితే నువ్వూ అదే చెప్పు. పరువు పోకూడదు."

అలా నా తాళాలు తీసుకుని, నా బండిలో, నా బదులు వెళ్లాడు.

నాకు మెలకువ వచ్చేసరికి బాగా పొద్దెక్కింది. సువార్త గుడికి వెళ్లింది. పక్కింట్లో టీవీ పెద్దగా మోగుతోంది. వెళ్లి చూస్తే చెన్నైలో సముద్రం రోడ్డు మీదికి వచ్చిందని, నాగపట్నంలో జనం కొట్టుకుపోయారని చెబుతున్నారు. సునామీ అన్న మాట ఆ రోజే మొదటిసారి విన్నాను. కాసేపటికి సూర్యలంక పేరు కూడా వినపడింది. చొక్కా వేసుకుని బస్సెక్కి బాపట్ల చేరాను.

ఆసుపత్రి వరండాలో మాస్టారు దొరికారు. తడిసిన బట్టలతో గోడకి ఆనుకుని కూర్చున్నారు, పక్కన దుప్పటి కప్పుకుని ఆయన కూతురు ప్రసన్న, తొమ్మిదేళ్ల పిల్ల. జరిగింది ఆయనే చెప్పారు. వాళ్లు ఒడ్డున ఉన్నారు, బాజీ వ్యాన్ దగ్గర అద్దం తుడుస్తున్నాడు, నీళ్లు ఒక్కసారిగా పైకి వచ్చేశాయి. పిల్ల కొట్టుకుపోతుంటే బాజీ పరిగెత్తుకొచ్చి దూకాడు, పిల్లని పట్టుకొచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు, మళ్లీ మాస్టారి తల్లి కోసం వెళ్లాడు. ఆ ముసలావిడని జాలర్లు వేరే వైపు నుంచి బయటికి లాగారు, ఆమె దగ్గర మాస్టారి భార్య లోపల వార్డులో ఉంది. బాజీ కనపడలేదు.

ఇంత చెప్పి మాస్టారు నా మొహం చూసి, "ఇంతకీ మీకు జ్వరం తగ్గిందా?" అని అడిగారు. అంత దుఃఖంలో కూడా ఆ మర్యాద మర్చిపోని మనిషి ఆయన.

"తగ్గిందండీ" అన్నాను.

రెండో రోజు బాజీ దొరికాడు. తెనాలి తీసుకొచ్చి ఖననం చేశారు. షకీలా రేష్మాని తీసుకుని రేపల్లెలో తల్లిగారింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు నన్ను చూసి, "జ్వరంతో ఉండి కూడా వెతకడానికి బాపట్ల వెళ్లావంట కదన్నా" అని కన్నీళ్లు పెట్టుకుంది. అప్పుడు కూడా నేను నోరు విప్పలేదు.

జనవరిలో మొదటి ఆదివారం సువార్త నన్ను గుడికి తీసుకొచ్చింది. దేశమంతా దుఃఖంలో ఉంది, తప్పించుకున్నవాడు ఒకడు మన సంఘంలో ఉన్నాడు, సాక్ష్యం చెప్పాలి అన్నారు పెద్దలు. సహోదరులారా, నేను సరిగ్గా ఇక్కడే నిలబడి, దేవుడు నాకు జ్వరం ఇచ్చి సముద్రం నుంచి తప్పించాడని చెప్పాను. మీరందరూ స్తోత్రం అన్నారు. ఒక పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి, "నీ బదులు ఇంకొకణ్ణి పంపించాడయ్యా దేవుడు, ఎంత ప్రేమో చూడు" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. కానీ బాజీ ఖాళీ గోనెసంచి కాదు కదా, ఒకదాని బదులు ఒకటి వెయ్యడానికి. ఆ వేళ ఇంటికి వెళ్లి, అంతకుముందు ఎన్నడూ తాగనంత తాగాను.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. పేపర్లో తమిళనాడు, అండమాన్ ఫొటోలు వేసేవాళ్లు. వాటితో పోలిస్తే మన వైపు నష్టం తక్కువే అని రాశారు. అది నిజమే. ఆ తక్కువలో బాజీ ఉన్నాడు. స్టాండులో వాళ్లు, "నువ్వు అదృష్టవంతుడివిరా, దేవుడికి దండం పెట్టుకో" అనేవాళ్లు. దండం పెట్టడానికి చేతులు జోడిస్తే అతని చేతిలోకి వెళ్లిన తాళాలు గుర్తొచ్చేవి. నన్ను కాపాడింది తాగుడు. దానికి దేవుడికి ఏమని కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియలేదు.

మరుసటి డిసెంబరులో ఏడాది గుర్తుగా గుడిలో సాయంత్రం ప్రార్థన పెట్టారు. చనిపోయినవాళ్ల కోసం కొవ్వొత్తులు వెలిగించారు. అయ్యగారు నన్ను పిలిచి, "యోహానూ, నీ సాక్ష్యం ఇంకొకసారి చెప్పు" అన్నారు. నేను లేచాను, ముందుకు రాలేదు, పక్క తలుపులోంచి బయటికి వెళ్లిపోయాను. ప్రార్థన అయ్యాక అయ్యగారు వచ్చేసరికి కుళాయి దగ్గర గట్టు మీద కూర్చుని ఉన్నాను. అంతా చెప్పేశాను. ఆయన గట్టు మీద నా పక్కన కూర్చున్నారు.

"నాతో చెప్పావు, మంచిది. దేవుడికి ముందే తెలుసు. తెలియని మనిషి రేపల్లెలో ఉంది" అన్నారు.

అక్కడే మోకరించాను. నాకు గుర్తున్నంతవరకు నేను నిజంగా చేసిన మొదటి ప్రార్థన అదే. "ప్రభువా, నీ గుడిలో, నీ పేరు మీద అబద్ధం చెప్పాను. బతికించినందుకు నీకు కృతజ్ఞత చెప్పడం కూడా నాకు చేతకావడం లేదు. ముందు ఆమెతో నిజం చెప్పే ధైర్యం ఇయ్యి. తర్వాత సంగతి తర్వాత."

రెండు రోజుల తర్వాత పొద్దున రేపల్లె రైలు ఎక్కాను. వేమూరు స్టేషనులో దిగి వెనక్కి వెళ్లిపోదామని లేచి నిలబడ్డాను కూడా. ఒక ముసలమ్మ గంప నా కాళ్ల దగ్గర పెట్టి, "కాస్త జరుగు నాయనా" అంది. ఆమె సర్దుకునేలోపు రైలు కదిలిపోయింది.

షకీలా వాళ్ల అమ్మ ఇంటి అరుగు మీద కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతోంది. నన్ను చూసి లేచి, "రా అన్నా" అని స్టూలు వేసింది. నేను కూర్చోలేదు.

"అమ్మా షకీలా, ఆ రోజు నాకు జ్వరం లేదు. తాగి పడి ఉన్నాను. ఆ ట్రిప్పు నేను వెళ్లవలసింది."

ఆమె చేతిలో ఉన్న బట్ట మిషను మీద పెట్టింది. "ఆయనకి తెలుసా?" అని అడిగింది.

"తెలుసమ్మా. జ్వరమని చెప్పమన్నది బాజీనే."

"ఏడాది పట్టిందా అన్నా నీకు ఈ మాట చెప్పడానికి?"

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. "ఇవాళ్టికి వెళ్లిపో అన్నా. నేనేం మాట్లాడతానో నాకే తెలియట్లేదు" అంది. నేను స్టేషనుకి నడిచి వచ్చాను.

తాగుడు ఆ రోజే మానేశానని చెబితే వినడానికి బాగుంటుంది. అలా జరగలేదు. మొదటి వారం ఒళ్లు వణికి, అన్నం కలుపుకోవడం కూడా కష్టమైతే సువార్త ముద్దలు చేసి పెట్టింది. రెండుసార్లు మళ్లీ తాగాను. రెండుసార్లూ మర్నాడే అయ్యగారి దగ్గరికి వెళ్లి దాచకుండా చెప్పాను. ఆయన నాతో కూర్చుని ప్రార్థన చేసేవారు, తర్వాత సువార్తా నేనూ ఇంట్లో చేసుకునేవాళ్లం. మార్చి నెల దాటాక మాత్రం, సహోదరులారా, ఆ కోరిక నన్ను విడిచిపోయింది. ఎలా పోయిందో నేను వివరించలేను. నా బలంతో పోలేదని మాత్రం చెప్పగలను.

వేసవి సెలవుల్లో స్టాండు పక్కన ఉన్న ఫోను బూత్‌కి నాకు ఫోనొచ్చింది. షకీలా.

"అన్నా, నాకు ఆ చోటు చూడాలని ఉంది. రేష్మా నీళ్లంటే భయపడుతోంది, కాలవ గట్టు మీద కూడా నడవట్లేదు. నువ్వు తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తానమ్మా."

"ఆయన బయటికి తీసిన పిల్లని కూడా చూడాలి."

మాస్టారితో చెబితే వెంటనే ఒప్పుకున్నారు. ముందు రేపల్లె వెళ్లి తల్లీకూతుళ్లని ఎక్కించుకున్నాను, బాపట్లలో మాస్టారూ ప్రసన్నా మాకోసం ఎదురుచూస్తున్నారు. సూర్యలంక చేరేసరికి పొద్దున పది. సముద్రం మామూలుగా ఉంది. కొంతమంది స్నానాలు చేస్తున్నారు, ఒకాయన మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నాడు. ఇక్కడే ఇంత జరిగిందని ఆ ఇసక చూస్తే ఎవరికీ తెలియదు.

మాస్టారు చోటు చూపించారు. షకీలా అక్కడ నిలబడి చేతులు చాచి తన ప్రార్థన చేసుకుంది. అప్పుడు ప్రసన్న, ఎవరూ చెప్పకుండానే, రేష్మా దగ్గరికి వెళ్లి, "నాకూ భయమే. అక్కడిదాకా వెళ్దాం, చాలు" అని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తడి ఇసక దాకా వెళ్లి ఆగారు. ఒక అల వచ్చి వాళ్ల పాదాలు తడిపి వెళ్లింది. రేష్మా గట్టిగా కళ్లు మూసుకుంది గాని వెనక్కి రాలేదు.

షకీలా వాళ్లనే చూస్తూ నాతో అన్న మాటలు ఇవి.

"నువ్వు తాగకపోతే మా ఆయన ఉండేవాడని నాలుగు నెలలు అనుకున్నానన్నా. అలా అనుకుంటే ఇదిగో, ఈ పిల్ల ఉండదు. నువ్వు దూకేవాడివా?"

"నాకు ఈత రాదమ్మా."

"ఎటు తిప్పి అనుకున్నా ఎవరో ఒకరు పోతున్నారు. అందుకని అనుకోవడం మానేశాను. ఆయన తెలిసే నీ పరువు కాపాడాడు, తెలిసే నీళ్లలోకి వెళ్లాడు. ఆయన చేసిన పనిని నేను నీ తప్పుగా చెయ్యను. నువ్వు కూడా చెయ్యకు."

సహోదరులారా, ఎన్నో ఏళ్లు నేను ఈ గుడిలో క్షమాపణ గురించి విన్నాను. అది నాకు దొరికింది మాత్రం ఆ ఇసకలో, ఇంకొక మతంలో పుట్టిన ఒక చెల్లెలి నోట. దేవుడు ఎవరి చేత మాట్లాడిస్తాడో మనం నిర్ణయించలేము.

ప్రతి డిసెంబరులో టీవీలో ఆ అలలు మళ్లీ చూపిస్తారు. వాటిని చూసి దేవుడు నన్ను ఎంచుకున్నాడని అనుకోను. అలా అంటే ఆయన బాజీని వదిలేశాడని అన్నట్టే, నాగపట్నంలో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లుల్ని వదిలేశాడని అన్నట్టే. ఎందుకు వాళ్లు, ఎందుకు నేను కాదు అన్నది నాకు తెలియదు, తెలిసినట్టు మాట్లాడటం మానుకున్నాను. కానీ ఇప్పుడు కృతజ్ఞత చెప్పగలుగుతున్నాను. బాజీ అనే మనిషి నా జీవితంలో ఉన్నందుకు, ప్రసన్న ఈ ఏడాది ఎనిమిదో తరగతి చదువుతున్నందుకు, సువార్త నన్ను గురించి ఎవరికీ అబద్ధం చెప్పవలసిన పని లేనందుకు ఆయనకి స్తోత్రం. మొన్న షకీలా కబురు పంపింది. వచ్చే శుక్రవారం బాజీ పేరు మీద ఇంట్లో ఫాతిహా ప్రార్థన చదివిస్తున్నారట, నన్నూ సువార్తనీ భోజనానికి రమ్మంది. వెళ్తున్నాం.

నాలుగేళ్ల క్రితం నేనిక్కడ చెప్పిన సాక్ష్యం అబద్ధం. ఈ వేళ చెప్పింది నిజం. మీలో ఎవరికైనా ఇలాంటిది గుండెలో ఉంటే, దాన్ని అందంగా చేసి దేవుడి ముందు పెట్టాలని చూడకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఆ తర్వాత లేచి ఎవరితో చెప్పాలో వాళ్ల దగ్గరికి వెళ్లండి. వెళ్లే దారిలో వెనక్కి తిరగాలనిపిస్తే ఆయన్ని నమ్మండి. నేను నమ్మాను, ఆయన నన్ను విడిచిపెట్టలేదు. మహిమంతా ఆయనకే చెందును గాక. ఆమేన్.