ఒటీలియా పేరు పక్కన రాసింది

జర్మనీలో మా ఊరు ఎర్లాఖ్. ఆ చర్చి ఆఫీసులో నేను కూర్చున్న కుర్చీ అంతకుముందు సెంత్సిది. పూర్తి పేరు క్రెసెంత్సియా హాస్ల్‌బెక్. పెళ్లి చేసుకోలేదు. ఊళ్లో జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, చావులు ఎక్కించే చర్చి రిజిస్టర్లు పద్దెనిమిదేళ్లు రాసింది. 1947 వసంతంలో ఆమెను పంపేసి ఫాదర్ రైట్‌మాయర్ నన్ను పిలిచారు. యుద్ధానికి రష్యా వెళ్లిన నా భర్త తిరిగి రాలేదు, నాకు పని కావాలి. ఎందుకు పంపేశారో తెలిసే వెళ్లాను.

హిట్లర్ రోజుల్లో ప్రతివాళ్లూ తమ తాతముత్తాతల్లో యూదులు లేరని కాగితం చూపించాల్సి వచ్చేది. ఆ వివరాలు చర్చి పుస్తకాల్లోనే ఉండేవి. జనం ఆఫీసు ముందు వరస కట్టేవారు. సెంత్సి నకళ్లు రాసేది, ఫాదర్ సంతకం చేసి ముద్ర వేసేవారు. 1938లో జిల్లా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. చేతితొడుగులు కుట్టే ఒటీలియా రోస్కామ్ పుట్టుక వివరాలు పంపమని. ఒటీలియా మా పాటల బృందంలో సెంత్సి పక్కనే నిలబడి పాడేది. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే కన్యస్త్రీలు పెంచారు. నాలుగో ఏట జ్ఞానస్నానం ఇచ్చారనీ, తల్లిదండ్రులు యూదులనీ రిజిస్టరులో ఉంది. సెంత్సి ఉన్నది ఉన్నట్టు దించి పంపింది.

నాలుగేళ్ల తర్వాత, పవిత్ర గురువారం పొద్దున, ఒటీలియాను రైలెక్కించడానికి స్టేషనుకు నడిపించుకుపోయారు. ఆమె మళ్లీ తిరిగి రాలేదు. అందరం కిటికీలు మూసుకున్నాం. ఆ రోజు పూజలో మా వరసలో ఒక మనిషి పట్టే ఖాళీ మిగిలింది. మేం కాస్త జరిగి నిలబడి పాడేశాం.

యుద్ధం అయ్యాక జనం మళ్లీ ఆఫీసు ముందు నిలబడ్డారు. ఈసారి నాజీలెవరో ఆరా తీస్తున్న అమెరికా సైన్యానికి చూపించడానికి, ‘ఇతను మంచి క్రైస్తవుడు’ అని ఫాదర్ రాసివ్వాలి. కలప వ్యాపారి గ్రూబ్‌వీజర్ కూడా వచ్చాడు. ఊళ్లో నాజీ పార్టీ పెద్ద, ఆ గురువారం ఒటీలియాను తీసుకుపోతూ ముందు నడిచినవాడు.

"టైపు చెయ్యి సెంత్సీ. ప్రతి ఆదివారం పూజకొచ్చేవాణ్ణని నీకు తెలీదా ఏంటి?"

"తెలుసు. ఒటీలియాను తీసుకుపోయింది గురువారం. అది కూడా కొట్టమంటారా?"

"గురువారాలు చర్చికొచ్చే అలవాటు నాకు లేదులే," అని నవ్వాడు.

ఆమె టైపు మిషను మీద మూత పెట్టేసింది. ఆ కాగితాన్ని ఫాదరే రెండు వేళ్లతో కొట్టుకున్నారు.

తర్వాత ఆమె పాపం ఒప్పుకోవడానికి ఫాదర్ దగ్గరికి, పాపసంకీర్తనానికి వెళ్లింది. అక్కడి మాటలు చాలా ఏళ్లకు ఆమే నాకు చెప్పింది.

"నువ్వు అబద్ధం రాయలేదుగా, తల్లీ," అన్నారు ఫాదర్. "పుస్తకంలో ఉన్న నిజమే రాశావు. అందులో పాపమేముంది?"

"నిజమే రాశాను ఫాదర్. అందుకే నాకు ఊపిరాడటం లేదు. సంతకం మీది. మీకెలా ఉంది?"

ఆయన ఆశీర్వదించి పంపేశారు.

సెంత్సి బిషప్‌గారికి ఉత్తరం రాసింది. ఒక్క ఆదివారం ఒటీలియా పేరు చదవండి, ఆమెను పట్టించడంలో మన చర్చి చెయ్యి కూడా ఉందని పీఠం మీంచి చెప్పండి, చాలు అని. రెండు నెలలకు ఆయన కార్యదర్శి నుంచి జవాబొచ్చింది. చర్చి కూడా ఎన్నో బాధలు పడింది, ఇప్పుడిలాంటి మాటలు శత్రువులకు ఆయుధాలవుతాయి, చనిపోయినవారి కోసం ప్రార్థించండి అని.

రిజిస్టరులో ప్రతి పేరు పక్కనా పెళ్లి, చావు రాయడానికి కొంచెం చోటు వదులుతారు. ఒటీలియా పేరు పక్కన సెంత్సి రాసింది: ‘1942 ఏప్రిల్ 2న పట్టుకుపోయారు. ఈమె యూదు పుట్టుకను ఈ పుస్తకం నుంచి దించి ఇచ్చింది నేను, క్రె. హాస్ల్‌బెక్. సంతకం ఫాదర్ రైట్‌మాయర్‌ది.’ తనే తీసుకెళ్లి ఆయనకు చూపించింది.

ఆఫీసులో నాకు చెప్పిన మొదటి పని దాన్ని కొట్టేయడం. కొట్టేశాను. కింద అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి.

సెంత్సి ఆసుపత్రిలో బట్టలుతికే పనిలో చేరింది. పాటల బృందం ఆమెను పిలవడం మానేసింది. "దాని పక్కన కూర్చోకండి, పుస్తకంలోకి ఎక్కించేస్తుంది," అని ఆడవాళ్లు నవ్వేవారు. ఆదివారాలు బెంచీ మొత్తం ఆమెదే. నేనూ పక్కన కూర్చోలేదు.

1958లో ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి సెల్మా అనే ఆవిడ వచ్చింది. ఒటీలియా పినతండ్రి కూతురు. నేను పేజీ తిప్పి చూపించాను. గీత కింది మాటలను వేలితో వెతుక్కుంటూ చదివింది.

"ఈ హాస్ల్‌బెక్ బతికే ఉందా?"

సెంత్సి గదికి తీసుకెళ్లాను. సెంత్సి కాఫీ పోసింది. సెల్మా ముట్టుకోలేదు.

"క్షమించమని అడగనండి," అంది సెంత్సి.

"అడక్కండి. తేదీ దొరికింది, అది చాలు. ఏటా ఏ రోజున ఆమె పేరున దీపం పెట్టాలో తెలీకుండానే మా నాన్న పోయాడు." సంచిలోంచి చిన్న పుస్తకం తీసి అడిగింది. "ఆ పొద్దున ఆమెకు తోడుగా ఎవరైనా నడిచారా?"

"లేదు."

"ఒక్కరు కూడా?"

"ఒక్కరు కూడా. బూడిదరంగు కోటు వేసుకుంది. నేను కిటికీ సందులోంచి చూశాను."

సెల్మా అది రాసుకుని లేచింది. కాఫీ అలాగే వదిలి మెట్లు దిగిపోయింది.

"ఇన్నేళ్లలో ఒటీలియా గురించి నన్నడిగింది ఈవిడొక్కతే," అంది సెంత్సి.

తర్వాతి ఆదివారం నేను వెళ్లి ఆ బెంచీలో కూర్చున్నాను. ఆమె నావైపు చూడలేదు. జరగనూలేదు. ఎనిమిదేళ్లు అలాగే పక్కపక్కన కూర్చున్నాం. చాలాసార్లు ఒక్క మాటా లేకుండా. 1966 చలికాలంలో, తను దుప్పట్లు ఉతికిన ఆసుపత్రిలోనే పోయింది. సమాధి దగ్గర కొత్త ఫాదరూ, ఆసుపత్రిలో ఆమెతో బట్టలుతికిన ఇద్దరు ఆడవాళ్లూ, నేనూ ఉన్నాం. పాడేవాళ్లెవరూ రాలేదు.