తమ్ముడి గొంతులో ఎజ్రా సమీక్షలు

తర్లుపాడు దగ్గరి పల్లెలో ఎజ్రాను ఎరగనివాళ్లు లేరు. మార్కాపురంలో ఇరవై రెండేళ్లు పలకలకు చెక్క చట్రాలు బిగించాడు. పదో తరగతి తప్పిన మనిషి. అయినా చేతికందిన కాగితం ముక్క చదవకుండా వదిలేవాడు కాదు, చదివినదానికి వంక పెట్టకుండా ఊరుకునేవాడూ కాదు.

శనివారం సాయంత్రం టీవీలో ఒక బొమ్మల సీరియల్ వచ్చేది. రాగి రెక్కలు మొలిచిన వీరుడు వారానికొక ఊరిని కాపాడతాడు. పిల్లల కోసం తీసిన ఆ సీరియల్‌ను ఎజ్రా పీట వేసుకుని మరీ చూసేవాడు. అయిపోగానే, అంచు విరిగిందని పనిచోట పక్కన పడేసిన పలక ఒకటి తీసుకుని, ఆ వారం ఎపిసోడ్ మీద రెండు వైపులా బలపంతో సమీక్ష రాసేవాడు. పలకలో పట్టినంతే రాయాలన్నది అతని నియమం.

"వీరుడు వంతెన విరగ్గొట్టి రాక్షసుణ్ణి చంపినాడు. అందరూ చప్పట్లు కొట్టినారు. ఆ వంతెన మళ్లీ కట్టే కూలోళ్లను ఒక్కసారన్నా చూపించలేదు. ఈ కథ రాసినాయన ఎప్పుడూ ఇటుక మోసినట్టు లేడు."

ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ పలక తమ్ముడు ప్రవీణ్ కుమార్ చేతికి వచ్చేది. ప్రవీణ్‌కు మార్కాపురంలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది, యూట్యూబ్‌లో ఒక ఛానెల్ ఉంది. పలక ఎదురుగా పెట్టుకుని చదివి వీడియో చేసేవాడు. తర్వాత తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాయడానికి అన్నకు పంపేవాడు. వీడియో "నేను మీ ప్రవీణ్" అని మొదలయ్యేది. అన్న పేరు ఎక్కడా ఉండేది కాదు. చూసేవాళ్లు వేలల్లోకి పెరిగారు. బుర్రంటే నీదే అన్నా అని కింద రాసేవారు.

ఒకసారి ఎజ్రా నవ్వుతూనే అడిగాడు.

"నా పేరు గూడా ఒకసారి అనరాదా రా, విందాం."

"చట్రాలు కొట్టేటోడు రాసినాడంటే ఎవురు చూస్తారన్నా?"

ఎజ్రా మళ్లీ అడగలేదు. పలక మాత్రం ఏ వారమూ ఆగలేదు.

మొన్న వేసవిలో ఒక సోమవారం పనిలో ఉండగానే గుండె ఆగి ఎజ్రా పోయాడు. ముందురోజు ఇచ్చిన పలకను ప్రవీణ్ అప్పటికే తుడిచేశాడు.

మూడోనాడు వదిన ప్రేమకుమారి వచ్చి ఆ ఆఖరి పలక ఇమ్మంది. ఇంట్లో ఆయన రాత ఒక్క ముక్క కూడా లేదంది. తుడిచేశానని చెప్పడానికి నోరు రాక ప్రవీణ్ ఫోన్ తీసి, ఆ పలక చదివి చేసిన వీడియో పెట్టాడు. ఆమెది బటన్ల ఫోను, ఇన్నేళ్లలో ఒక్క వీడియో కూడా వినలేదు. "నేను మీ ప్రవీణ్" అన్నచోట తలెత్తి మరిది ముఖంలోకి చూసింది. మిగతాదంతా కళ్లు మూసుకుని విన్నది. రెక్కలవాడు ఊళ్లన్నీ తిరుగుతాడు గానీ ఇంటికి పోయినట్టు ఎప్పుడూ చూపించరేమని ఎజ్రా అందులో అడిగాడు. విని, ఆమె లేచి వెళ్లిపోయింది.

ఎజ్రా జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరు ఒక్కొక్కరినీ లేపి, పోయిన మనిషి గురించి చెప్పమన్నాడు. ప్రవీణ్ లేచి వంతెన సంగతి, మరికొన్ని గుర్తున్నవి చెప్పాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

"అచ్చం వీడియోల్లో చెప్పినట్టే చెప్తాడప్పా, మాటకారి," అన్నాడు వెనక వరసలోంచి యేసుబాబు మామ.

ప్రవీణ్ కూర్చోబోయి ఆగాడు. ఇప్పుడు కూర్చుంటే ఆ మాటలు తనవేనని ఖాయమైపోతుంది.

"ఆ మాటలు నాయి కాదు మామా. అన్నీ మా అన్న రాసినవే. నేను చదివినాను, అంతే. తన పేరు చెప్పమని అడిగినా చెప్పలేదు."

పాస్టరు పాట ఎత్తుకున్నాడు.

భోజనాల దగ్గర వదినను క్షమాపణ అడగబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఈ పొద్దు చెప్పినావు, మంచిదే. ఆయన అడిగిననాడు చెప్పింటే, ఆయన వినింటాడు గదా నాయనా."

ఆ శనివారం ప్రవీణ్ సీరియల్ పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి వీడియోను అన్న పేరుతో మొదలుపెట్టి, సమీక్ష తానే రాయాలనుకున్నాడు. రాగి రెక్కలవాడు ఎగిరాడు, రాక్షసుడు కింద పడ్డాడు. ఎంతసేపు కూర్చున్నా అంతకుమించి అతనికి రాయడానికేమీ తోచలేదు.